ఆషాఢం కుండ

అనగనగా, కొండలు సముద్రంలోకి తొంగి చూసే చోట ఒక చిన్న రాజ్యం ఉండేది. ధర్మసేనుడు దానికి రాజు. రాజ్యం మధ్యగా ఒక ఏరు పారేది. ఆ ఏటి ఒడ్డున కుమ్మరివాడ ఉండేది.

ఒక ఏడు ఏరు పొంగి కుమ్మరివాడను ఊడ్చుకుపోయింది. గంగన్న అనే కుమ్మరికి మిగిలినవి రెండే. ఒకటి కుండలు చేసే సారె. రెండోది కూతురు పైడమ్మ.

తల్లి లేని పిల్ల పైడమ్మ. చురుకైనది. లెక్కల్లో మరీ చురుకు. చెరువు మీద కొంగల గుంపు లేస్తే, అవి మళ్లీ వాలేలోగా ఎన్నో చెప్పేసేది. అంత చురుకైన పిల్ల కూడా ఇప్పుడు దూరపు చుట్టాల వసారాలో తలవంచుకుని తిరగాల్సి వచ్చింది. ఆ ఇంటావిడ రోజూ గిన్నెలు గట్టిగా పెడుతూ, "ఇంకా ఎన్నాళ్లమ్మా?" అని అడిగేది.

ఇలా ఉండగా ఒకనాడు రాజుగారి చాటింపు వినపడింది.

"నక్కలమెట్ట మీద నేలను మూడు చెక్కలు చేశాం! కావలసినవారు వచ్చి అడగండి! ఇల్లు కట్టుకోండి, పండించుకోండి. మూడేళ్లు నిండేలోగా రాజుగారు మీ ఇంటికి భోజనానికి వస్తారు. ఎప్పుడు వస్తారో చెప్పరు. సంతలో ఉప్పు ఒక్కటే తెచ్చుకోవచ్చు. విస్తట్లో మిగిలినవన్నీ ఆ నేల మీద పుట్టినవే కావాలి. రాజుగారి కడుపు నిండితే నేల మీకే. నిండకపోతే నేల వదిలి వెళ్లిపోవాలి!"

నక్కలమెట్ట అంటే ఎర్రటి రాళ్ల నేల. ముళ్ల పొదలు, నాలుగు చింతచెట్లు, బోలెడు పుట్టలు. అందుకే ముగ్గురే ముందుకు వచ్చారు.

మొదటివాడు రంగశాయి అనే వర్తకుడు. ఏటికి దగ్గరగా ఉన్న కింది చెక్క తీసుకున్నాడు. రెండోవాడు బలభద్రుడనే బంటు. నడుమ చెక్క అతనిది. ఎవరికీ అక్కరలేని పై చెక్క పైడమ్మకు మిగిలింది.

"రాళ్లే కదమ్మా ఇచ్చారు," అన్నాడు గంగన్న దిగులుగా.

"రాళ్లయినా మనవి అవుతాయి నాన్నా. ఇక్కడ గిన్నెల చప్పుడు వినక్కర్లేదు," అంది పైడమ్మ.

అది వైశాఖమాసం. గృహారంభాలకు మంచి ముహూర్తాలున్న మాసం. ఆ దేశంలో ఎవరు ఇల్లు కట్టినా ఎండల్లోనే శంకుస్థాపన చేస్తారు. రంగశాయి అలాగే చేశాడు. తన చెక్కలో నున్నగా, చదునుగా, అద్దంలా ఉన్న చోటు చూసుకుని రెండంతస్తుల మేడ మొదలుపెట్టాడు. బలభద్రుడు గొడ్డలి పట్టాడు. చెట్టన్నది లేకుండా, పొదన్నది లేకుండా నడుమ చెక్కంతా గుండు చేసి, కలపతో పెద్ద ఇల్లు లేపాడు.

పైడమ్మ మాత్రం చింతచెట్టు కింద తాటాకులతో చిన్న పాక వేసి ఊరుకుంది.

ఆ దారిన పోతూ రంగశాయి పలకరించాడు. "ఏమ్మా పైడమ్మా, ముహూర్తాలు వెళ్లిపోతున్నాయి. ఇల్లెప్పుడు?"

"వాన చూసి కడతానండి."

"ఓయమ్మో! ఇల్లు కట్టి దాంట్లోంచి వాన చూస్తారు గానీ, వానను చూసి ఇల్లు కట్టడమేమిటి?" రంగశాయి నవ్వాడు. అతని వెనక గొడుగు పట్టినవాడు కూడా నవ్వాడు.

పైడమ్మకు కోపం రాలేదు. ఏరు ఒకసారి ఆమె ఇంటిని అడగకుండా తీసుకుపోయింది. ఈసారి నీళ్లను అడక్కుండా ఇల్లు కట్టకూడదని ఆమె నిశ్చయం.

వాన వచ్చింది. అందరూ ఇళ్లలోకి పరుగెత్తారు. పైడమ్మ తాటాకు గిడుగు నెత్తిన పెట్టుకుని బయటికి పరుగెత్తింది. ఒక చేత్తో కర్రలు, ఒడిలో రాళ్లు, నడుముకు కట్టిన గోనెలో కుండపెంకులు. నీళ్లు పరుగెత్తే చోట కర్ర పాతింది. నీళ్లు నడిచే చోట రాయి పెట్టింది. నీళ్లు కూర్చునే చోట పెంకు గుచ్చింది. తొలివానల కాలమంతా ఇదే పని.

కింద రంగశాయి మేడలో వేరే సందడి. ఎండల్లో అద్దంలా మెరిసిన ఆ చదును చోటు, నిజానికి మెట్ట మీది నీళ్లన్నీ ఏటిలోకి దిగే దారి. అందుకే అంత నున్నగా ఉంది. వాన వచ్చిన ప్రతిసారీ నీరు ముందు గుమ్మంలోంచి వచ్చి, నట్టింట్లో తిరిగి, వెనక గుమ్మంలోంచి వెళ్లేది. రంగశాయి భార్య మంచం మీద కూర్చుని పొయ్యి తేలిపోవడం చూసింది.

తొలివానలు కాస్త వెలిశాక పైడమ్మ తన చెక్కంతా చూసుకుంది. కర్రలున్న చోట రాళ్లతో అడ్డుగట్లు వేసింది. రాళ్లున్న చోట రాగి, కంది, నువ్వు చల్లింది. పెంకులున్న చోట తవ్వితే నడుము లోతులోనే చెలమ ఊరింది. ఇక కర్ర, రాయి, పెంకు ఏదీ లేని చోటు ఒకటి మిగిలింది. చింతచెట్టు పక్కన, కాస్త ఎత్తుగా.

"నాన్నా, ఇల్లు ఇక్కడ," అంది.

తండ్రీకూతుళ్లు ఎర్రమట్టి తొక్కి గోడలు లేపారు. గంగన్న తన చేతి విద్యంతా గోడల్లో చూపించాడు. చిన్న ఇల్లే. చుట్టూ మునగకొమ్మలు నాటి దడి కట్టారు. దడికి, కప్పుకు సొరతీగ పాకించారు.

కార్తీకంలో తీగ విరగకాసింది. రాగి పండింది. కంది పూసింది. పైడమ్మ వేళ్లు మడిచి లెక్క వేసింది. రాగులు ఇన్ని కుంచాలు, నువ్వులు ఇన్ని, రాబోయే కందులు ఇన్ని, సొరకాయలు ఇన్ని.

"నాన్నా, ఏడాదికి సరిపోయి ఇంకా మిగులుతుంది!" అని గంతు వేసింది.

గంగన్న సారె తిప్పుతూనే అన్నాడు. "లెక్క తప్పదులే తల్లీ, నీది కదా. కానీ ఆకలి ఏడాదికోసారి రాదమ్మా. పూటపూటకీ వస్తుంది."

పైడమ్మ ఆ మాట సరిగా వినలేదు. అప్పుడు ఆమె సొరకాయలు మరోసారి లెక్కపెడుతోంది.

సొరకాయలన్నీ ఒక్కసారే కాశాయి. తినగలిగినన్ని తిన్నారు. పంచగలిగినన్ని పంచారు. మిగిలినవి కుళ్లిపోయాయి. అరటిపిలకలన్నీ ఒక్కనాడే నాటింది కనుక గెలలన్నీ ఒక్క నెలలోనే దిగాయి. అవీ అంతే. రాగులు చలికాలంలో సంబరంగా తగ్గాయి, ఎండాకాలంలో దిగులుగా తగ్గాయి. ఆషాఢం వచ్చేసరికి గాదెలో విత్తనపు రాగులు తప్ప ఏమీ లేవు. వాటిని తింటే మళ్లీ పంట లేదు.

మొత్తం సరిపోయింది. ఆషాఢానికి మాత్రం సరిపోలేదు!

తండ్రీకూతుళ్లు మునగాకు ఉడికించుకుని తిన్నారు. మరునాడు కూడా అదే. పైడమ్మకు ఒక ఆశ మిగిలి ఉంది. ఇంటి వెనక ముందుచూపుతో పెట్టిన కందమడి ఒకటుంది. దుంపలు తవ్వుకుందామని పలుగు తీసుకుని వెళ్లింది.

మడి నిండా గుంతలు. గుంతల మధ్య ఒక ఏదుపంది. ఒంటి నిండా ముళ్లు, మూతి నిండా మట్టి. నింపాదిగా ఆఖరి దుంప నములుతోంది.

పైడమ్మ పలుగు ఎత్తింది. ఏదుపంది ముళ్లు గలగలలాడించింది.

"దొంగముండాకొడకా! నా దుంపలు!" అంది పైడమ్మ.

"మాటలు జాగ్రత్త పిల్లా!" అంది ఏదుపంది. "మా తాతల నాటినుంచి ఈ మెట్ట మాది. మీరు ముగ్గురూ వచ్చి నా పొదలు నరికారు. నేను వచ్చి నీ మడి తవ్వాను. ఇందులో దొంగ ఎవరో రాజుగారినే అడుగుదాం పద."

పలుగు గాల్లోనే ఆగిపోయింది. ఎండిన కడుపుతోనే పైడమ్మ బుర్ర చురుగ్గా తిరిగింది.

"అయితే ఏదుమామా, మేము రాకముందు ఆషాఢంలో ఏం తినేవాడివి?"

"మామా అన్నావు కాబట్టి చెబుతున్నాను," అంది ఏదుపంది, మూతి తుడుచుకుని. "పొదల అడుగున అడవి పెండలం ఉంటుంది. పైన తీగ ఎండిపోతుంది, చచ్చిందనుకుంటారు. కింద దుంప హాయిగా పడుకుని ఉంటుంది. ఎండలన్నీ దాటుతుంది. మంచి కాలంలో నేను దాన్ని ముట్టుకోను. కొండ మీద పళ్లున్నప్పుడు భూమిలో దుంప ఎవడు తవ్వుతాడు? ఏమీ లేని నెల కోసం అది. ఇప్పుడు పొదలే లేవు."

"నా చెక్కలో పడమటి పొద ఇంకా ఉంది మామా. దాన్ని నరకను. దాని నీడలో పెండలం, కంద బారుగా పెడతాను. చివరి బారు నీది. మధ్యన రాళ్లవరస పెడతాను. రాళ్లు దాటి ఇటు రావద్దు."

"నువ్వు రాళ్లు జరపకుండా ఉంటే, నేను దాటను," అంది ఏదుపంది. ముళ్లు దించుకుని పొదలోకి నడిచింది.

పైడమ్మ ఇంటికి వచ్చి తండ్రి ముందు కూర్చుంది. "నాన్నా, నా లెక్క తప్పు. పన్నెండు కుండలు చేసి ఇయ్యి."

గంగన్న ఎందుకని అడగలేదు. పన్నెండు చిన్న కుండలు చేసి కాల్చాడు. పదకొండు ఒకే కొలత. పన్నెండోది కాస్త పెద్దది.

"అదేమిటి, అదొక్కటే పెద్దది?"

"అది ఆషాఢం కుండ," అన్నాడు గంగన్న.

పైడమ్మ వాటిని గూట్లో వరసగా పేర్చింది. చైత్రం కుండ, వైశాఖం కుండ, అలా చివరిదాకా. ఏ నెలలో నేల మీద ఏది తినడానికి దొరుకుతుందో, ఆ నెల కుండలో దాని గింజో తొడిమో ఎండుముక్కో వేసింది. కార్తీకం కుండ మూతికి వచ్చింది. పుష్యం కుండ పొర్లింది. జ్యేష్ఠం కుండలో అడుగున నాలుగు గింజలు. ఆషాఢం కుండలో ఎండిన మునగాకు ఒక్కటే.

ఇక ఆమె విత్తనం చేతిలోకి తీసుకున్నప్పుడల్లా, 'ఇది ఎంత పండుతుంది?' అని అడగడం మానేసింది. 'ఇది ఏ కుండలో పడుతుంది?' అని అడిగింది.

అరటిపిలకలన్నీ ఒక్కసారి నాటలేదు. అంట్లు తోమిన నీళ్లు పారే చోట నెలకొక పిలక నాటింది. సొరకాయలు కాసినప్పుడు కొన్నింటిని ముక్కలు కోసి ఎండబెట్టింది. చింతపండు దులిపి, గింజ తీసి, వేరే పెద్ద కుండల్లోకి ఎక్కించింది. కందులను బూడిద కలిపి పురుగు పట్టకుండా దాచింది. నువ్వులు వేయించి దంచి పొడి చేసింది. పడమటి పొద నీడలో పెండలం, కంద బారులు పెట్టి, తానే ముట్టుకోకుండా కాపలా కాసింది. దాచినవాటిలో ప్రతిదానికీ ఒక గుర్తు ఆషాఢం కుండలో వేసింది. చలికాలంలో గంగన్నకు ఒకసారి కంద మీద మనసు పోయింది.

"ఒక్క దుంప తవ్వరాదమ్మా, పులుసు పెట్టుకుందాం."

"నాన్నా, అది ఆషాఢం కుండలోది."

"అబ్బో! నేను చేసిన కుండే నాకు అడ్డమొచ్చిందే!" అని గంగన్న నవ్వి, వంకాయకూరతో సరిపెట్టుకున్నాడు.

ఆ పుష్యమాసంలో మెట్టంతా ఎదురుచూసింది. రాజులు పల్లెల మీదికి వచ్చేది పంటలు ఇంటికి చేరాకే కదా. బలభద్రుడి గాదెలు రాగులతో పగిలిపోతున్నాయి. రంగశాయి చెరుకు ఆడించి బెల్లపు దిమ్మలు కొండలా పేర్చాడు. కానీ రాజుగారు రాలేదు. మాఘం వెళ్లింది. ఎండలు వెళ్లాయి.

మూడో ఏటి తొలివాన పడింది. ఆషాఢం. నేల పచ్చబడింది గానీ ఇంకా ఎక్కడా ఏదీ పండలేదు. సరిగ్గా అప్పుడు మెట్ట కింద డప్పు మోగింది.

"రాజుగారు వేంచేస్తున్నారు! మూడు ఇళ్లూ ఈరోజే!"

గూట్లో కుండలు నిండి ఉన్నా, ఆషాఢం కుండలోని అసలు సరుకు భూమిలో ఉంది. పైడమ్మ పలుగు తీసుకుని పడమటి పొదకు పరుగెత్తింది.

పొద పక్కన నేలంతా తవ్వి పోసి ఉంది.

"అయ్యో మామా!" అని కూలబడింది. వసారా, గిన్నెల చప్పుడు, 'ఇంకా ఎన్నాళ్లమ్మా' అన్నీ ఒక్కసారి చెవుల్లో మోగాయి. తరువాత కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. గుంతలు చివరి బారులో ఉన్నాయి. రాళ్లవరస దాకా వచ్చి, అక్కడ ఆగిపోయాయి. ఆఖరి రాయి పక్కన ఏదుపంది కాలిముద్రలు ఇటు తిరిగి, చాలాసేపు నిలబడి, అటు వెళ్లిపోయాయి. ఇవతలి బారులన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

పైడమ్మ నవ్వుకుంటూ తవ్వసాగింది. తొడంత లావు దుంపలు వచ్చాయి.

రాజుగారు ముందుగా రంగశాయి మేడకు వెళ్లారు. వెండి పళ్లెంలో సన్నబియ్యపు అన్నం పొగలు కక్కుతోంది.

"ఈ బియ్యం ఈ నేల మీదివేనా?" అడిగాడు రాజు.

రంగశాయి పళ్లెం కాస్త ముందుకు జరిపాడు. "సంతవి మహారాజా. నా నేల మీది చెరుకు అమ్మి కొన్నవే!"

"నీ నేల మీది మాత్రమే పెట్టు."

అన్నం పళ్లెం లోపలికి వెళ్లింది. బెల్లం ముక్కలు వచ్చాయి. తరువాత బెల్లం పానకం వచ్చింది. తరువాత బెల్లం పాకం వచ్చింది. రాజుగారు మూడూ రుచి చూసి, పెదాలు అంటుకుపోతుండగా లేచారు.

నడుమ చెక్కలో బలభద్రుడు వాకిట్లో నేల చూపులు చూస్తున్నాడు. వాలు వెంట నిలువుగా దున్నిన చెక్కలో మంచి మట్టంతా వానలకు కిందికి జారి ఎముకల్లాంటి రాళ్లు పైకి తేలాయి.

"పుష్యంలో వచ్చి ఉంటే నా గాదెలు చూసి మీ కళ్లు చెదిరేవి మహారాజా! సగం పురుగు తినేసింది, సగం మేం తినేశాం. ఇప్పుడు విత్తనాలే ఉన్నాయి."

"ఆకలి పుష్యంలోనే వేస్తుందా బలభద్రా?" అన్నాడు రాజు.

రాజుగారు ఆకలితోనే పై చెక్క ఎక్కారు. వానలో కూడా పైడమ్మ వాకిలి పొడిగా ఉంది. అరటాకులు పరిచి ఉన్నాయి.

వేడివేడి రాగిసంకటి. కందిపప్పులో మునగాకు. చింతపండు వేసిన కంద పులుసు. అరటికాయ వేపుడు, నువ్వులపొడి. ఎండబెట్టిన సొరముక్కల కూర. నిప్పుల్లో కాల్చిన పెండలం, దాని పక్కన తొలివానకు మొలిచిన చెంచలి ఆకుకూర. రాజుగారు విస్తరి ఊడ్చి తిన్నారు. మళ్లీ వడ్డించమన్నారు. మళ్లీ తిన్నారు.

"ఉప్పు?" అన్నాడు రాజు చివరికి.

"అదొక్కటే సంతది మహారాజా. మిగిలినదంతా ఇక్కడే పుట్టింది," అంది పైడమ్మ.

రాజు చేయి కడుక్కుంటూ వాకిలి చివరకు చూశాడు. అక్కడ ఇంకో విస్తరిలో పెండలం ముక్క పెట్టి ఉంది. తినేవారు ఎవరూ లేరు.

"అది ఎవరికి?"

"ఈ మెట్టకు పాత కాపు ఒకాయన ఉన్నాడు మహారాజా. ఏమీ లేని నెలలో ఎక్కడ వెతకాలో ఆయనే చెప్పాడు. ముళ్లెక్కువ మనిషి, కానీ మాట తప్పడు."

పొదలో ఏదో గలగలలాడింది. రాజుగారు నవ్వారు. తరువాత గూట్లో కుండల వరస చూశారు. ఆషాఢం కుండ దగ్గర ఆగి, దాన్ని ఎత్తి బరువు చూశారు. పన్నెండింటిలోకీ అదే బరువుగా ఉంది.

"పుష్యంలో ఏ ఇంటికి వెళ్లినా కడుపు నిండుతుంది. అందుకే నేను పుష్యంలో రాలేదు," అన్నాడు ధర్మసేనుడు. "ఈ నేల నీది తల్లీ, నీ బిడ్డల బిడ్డలది. కింది రెండు చెక్కలు కూడా తీసుకో. వాళ్లు వెళ్లిపోతారు."

పైడమ్మ కింది దిక్కుకు చూసింది. రంగశాయి భార్య మూట కట్టుకుంటోంది. ఆ మూట ఎంత బరువుంటుందో పైడమ్మకు తెలుసు.

"వద్దు మహారాజా. వాళ్లకు ఇంకో మూడు వానలు ఇవ్వండి. విత్తనపు దుంపలు, పిలకలు నేనిస్తాను. మా నాన్న కుండలు చేసిస్తాడు."

"ఇరవై నాలుగు కుండలా!" అన్నాడు గంగన్న వెనకనుంచి. అప్పటికే మట్టి కోసం లేచాడు.

రాజు సరేనన్నాడు. ఆ వానలన్నీ తానూ తడుస్తూ గుర్తులు పెట్టుకుని, మరుసటి వైశాఖంలో రంగశాయి మేడ ఊడదీసి, కర్రా రాయీ పెంకూ లేని చోట చిన్న ఇల్లు కట్టుకున్నాడు. బలభద్రుడు కొండకు అడ్డంగా దున్నడం నేర్చుకున్నాడు. ఇద్దరి చెక్కల అంచునా ఒక్కొక్క పొద, ఒక రాళ్లవరస, దానికి అవతల ఒక దుంపల బారు వెలిశాయి. ఏదుపంది ఒళ్లు చేసింది. నక్కలమెట్ట మీద ఆషాఢంలో కూడా మూడు పొయ్యిలు వెలిగాయి.

కాబట్టి పిల్లలూ, నిండిన నెలను చూసి మురిసిపోయేవారికి గాదె నిండుతుందేమో గానీ, ఖాళీ నెలను ముందే చూసి నింపుకునేవారికే నేల ఇల్లవుతుంది.